పేరు రాసే చెయ్యి: సైనిక పాలన కింద నల్లగొండలో ఓటర్ల జాబితా

ఓటు గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా పెట్టె దగ్గర నుంచి మొదలుపెడతారు. ఎవరికి వేసిన్రు, ఎవరు గెలిచిన్రు, ఎంత మెజారిటీ వచ్చింది అని. కాని పెట్టె కన్నా ముందు ఒక జాబితా ఉంటది. ఆ జాబితాలో మనిషి పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, వయసు, ఇంటి నెంబరు, ఊరు ఉంటయి. ఓటు ఎవరికి వేసిన్రో రహస్యం. జాబితా రహస్యం కాదు. అందరూ చూడడానికే దాన్ని తయారు చేస్తరు. మామూలు రోజుల్లో ఇందులో ప్రమాదం కనిపించదు. ఊరి బయట సైన్యం క్యాంపు ఉన్నప్పుడు, అడవిలో దళం ఉన్నప్పుడు, ఊర్లో దొర తిరిగొచ్చి గడీ తలుపులు తీసుకున్నప్పుడు, ఇంటింటికీ తిరిగి మనుషుల పేర్లు రాసుకుపోవడం అంటే ఏమిటి? ఆ పేర్లు ఎవరికి పనికొస్తయి?

పరాయి సైన్యం ఆక్రమించుకున్న దేశాలలో ఓటర్ల నమోదు గురించి ఈ ప్రశ్న తరచుగా వస్తది. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్, నమీబియా, తూర్పు తిమోర్ ఉదాహరణలు చెప్తరు. మన దగ్గర ఇటువంటి అనుభవం లేదనుకోవడం పొరపాటు. మిర్యాలగూడ, వేములపల్లి, హుజూర్‌నగర్, సూర్యాపేట ప్రాంతాల్లో మొట్టమొదటి ఓటర్ల జాబితా తయారైన కాలం 1949 నుంచి 1951 దాకా. అది తుపాకుల మధ్య తయారైన జాబితా. తెలంగాణ పోరాట చరిత్రలు చాలా వచ్చినయి గాని, ఈ జాబితాను మాల మాదిగ వాడల వైపు నుంచి చదివినవి తక్కువ.

ఎవరి ఆక్రమణ?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయిండు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్ అయిండు. 1949 చివరిదాకా సైనిక ప్రభుత్వమే నడిచింది. 1950 జనవరి 26 నుంచి ఎం.కె. వెల్లోడి అనే ఐ.సి.ఎస్. అధికారి ముఖ్యమంత్రి. ఆయనను ఎవరూ ఎన్నుకోలేదు. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం వచ్చేదాకా ఈ సంస్థానంలో జనం ఓటుతో ఏర్పడిన ప్రభుత్వం అనేది లేదు.

ఆ సంఘటనకు పేర్లు చాలా ఉన్నయి. సర్కారు పోలీసు చర్య అన్నది. కొందరు విమోచన అన్నరు, కొందరు విలీనం అన్నరు, కొందరు ద్రోహం అన్నరు. హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. ఆ ప్రతినిధి వర్గంలో దళిత నాయకుడు బి. శ్యాంసుందర్ కూడా ఉన్నడు. అంటే ఆనాడు దళితుల్లో ఒకే మాట లేదు. బి.ఎస్. వెంకట్రావు నిజాం మంత్రివర్గంలో ఉన్నడు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లో జె.హెచ్. సుబ్బయ్య వంటివాళ్లు అంబేద్కర్ బాటలో ఉన్నరు. నల్లగొండ పల్లెల్లో వేల మంది మాల మాదిగలు సంఘంలో ఉన్నరు. సైన్యం వచ్చిన రోజున ఈ ముగ్గురికీ మూడు రకాల భయం. నిజాం వైపు నిలిచినవాడికి రజాకారు అన్న ముద్ర, సంఘంలో ఉన్నవాడికి కమ్యూనిస్టు అన్న ముద్ర. ఏ ముద్రా లేనివాడిని మాత్రం పాత దొర వెట్టికి పిలిచిండు.

యుద్ధంలో ఆక్రమించుకున్న నేల మీద ఆక్రమించినవాడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అని 1907 నాటి హేగ్ నిబంధనలు చెప్తయి. అక్కడి చట్టాలను వీలైనంత వరకు గౌరవించాలె అన్నది వాటి సారం. భారత ప్రభుత్వం హైదరాబాదును తన ఇంటి వ్యవహారం అన్నది గనుక ఆ నిబంధనల ఊసే రాలేదు. ఈ వ్యాసం ఆ వాదనను తేల్చడానికి రాస్తున్నది కాదు. వాడ నుంచి చూస్తే ఇంకో ప్రశ్న ముందుకొస్తది. నిజాం కాలంలో ఊరు వాడ మీద పెత్తనం చేసింది. సైనిక పాలనలో కూడా ఊరే వాడ మీద పెత్తనం చేసింది. పైన జెండా మారినప్పుడు కింద పేర్లు రాసే చెయ్యి మారిందా? ఓటరు నమోదులో ఉన్న ప్రమాదం ఎంతో ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆధారపడి ఉంటది.

అంతకు ముందు వాడ పేర్లు ఏ కాగితాల్లో ఉండె?

హైదరాబాదు సంస్థానంలో 1952కు ముందు వయోజన ఓటు లేదు. అయ్యంగార్ కమిటీ నివేదిక మీద 1939లో ప్రకటించిన సంస్కరణల ప్రకారం శాసనసభలో జమీందార్లు, జాగీర్దార్లు, వర్తకులు, వకీళ్లు అని వర్గాలవారీగా ప్రాతినిధ్యం ఉండె. ఈ పద్ధతిలో పొలం లేని పాలేరుకు ఓటరు అనే ఉనికే లేదు.

ఇక్కడ మునగాల సంగతి చెప్పుకోవాలె. కోదాడకూ సూర్యాపేటకూ నడుమ ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే, కాని అది మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా కింద ఉండె. 1959లో గాని అది నల్లగొండ జిల్లాలో కలవలె. ఒక ఊరికీ పక్క ఊరికీ మధ్య పొలం గట్టే సరిహద్దు. గట్టుకు ఒక పక్క 1935 చట్టం కింద ఓటర్ల జాబితా ఉంది, ఇంకో పక్క లేదు. అయితే మునగాల మాలవాడకు దానితో ఒరిగింది తక్కువ. పన్ను కట్టేవాళ్లకు, ఆస్తి ఉన్నవాళ్లకు, చదువుకున్నవాళ్లకు ఉన్న ఓటు అది. కృష్ణకు అవతల పల్నాడులోనూ ఇదే తీరు.

పరాయి పాలనలో జాబితా రాజకీయం ఎట్ల ఉంటదో అంబేద్కర్ అప్పటికే చూసిండు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు ఆయన ఓటు హక్కును విస్తరించాలని వాదించిండు. 1932లో లోథియన్ కమిటీ ఓటు హక్కు లెక్కలు తీస్తున్నప్పుడు, కొన్ని రాష్ట్రాల్లో అగ్రకులాలవాళ్లు తమ దగ్గర అంటరానివాళ్లు లేనే లేరు, ఉన్నా కొద్దిమందే అని వాదించిన్రు. ఊర్లో నీళ్లు ముట్టనీయనివాడు లెక్క దగ్గరికి వచ్చేసరికి నువ్వు అంటరానివాడివి కాదు పొమ్మన్నడు. పంజాబ్‌లో 1931 జనాభా లెక్కల్లో 4,18,789 మంది ఆద్‌ధర్మీలుగా రాయించుకున్నరు. రాయించుకున్నందుకు కొన్ని ఊర్లలో దెబ్బలు తిన్నరు. సంఖ్య అంటే సీట్లు, సీట్లు అంటే అధికారం. అందుకే పేరు రాసే దగ్గరే కొట్లాట మొదలైతది.

నిజాం ఇలాకాలో వాడ మనిషి పేరు అసలు కాగితం మీద లేదా అంటే ఉంది. వెట్టి వంతులో ఉంది. దొర నాగు ఖాతాలో, షావుకారు చిట్టాలో ఉంది. భాగేలా కింద తాత చేసిన అప్పు మనుమడి దాకా వచ్చిన లెక్కలో ఉంది. 1936లో భాగేలా ఒప్పందాల మీద నిజాం సర్కారు ఒక చట్టం చేసింది, ఒప్పందం కాగితం మీద ఉండాలన్నది. ఊర్లల్లో ఆ చట్టం అమలు కాలె. కాగితం దొర ఇంట్లోనే ఉండె, చదివేవాడూ దొర మనిషే. కనుక మాల మాదిగలకు రాత అంటే ఒకటే అనుభవం: పేరు రాసిన్రంటే ఏదో తీసుకుపోవడానికే. మనిషినో, పశువునో, గింజలనో.

తర్వాత సంఘం వచ్చింది. 1944 భువనగిరి సభ తర్వాత ఆంధ్ర మహాసభ పల్లెలకు పాకింది. సభ్యత్వ రశీదు మీద పేరు రాయించుకోవడం మొదటిసారి దొరకు ఎదురు నిలిచే పని అయింది. కాని ఆ రశీదు పుస్తకమూ ఒక జాబితానే గదా. 1948 సెప్టెంబరు దాకా అది బలం, ఆ తర్వాత అదే సాక్ష్యం.

సైన్యం నీడలో రాసినవాళ్లెవరు?

సైనిక ప్రభుత్వం మద్రాసు, బొంబాయి వంటి చోట్ల నుంచి అధికారులను పిలిపించుకున్నది. జిల్లా మీద కొత్త దొరలు వచ్చిన్రు. ఊరి మీద మాత్రం పాత పటేల్ పట్వారీలే. మాలి పటేలు శిస్తు చూసేవాడు, పోలీసు పటేలు నేరాలు చూసేవాడు, పట్వారి లెక్కలు రాసేవాడు. ఇవి వంశపారంపర్యం. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రద్దు చేసేదాకా ఈ పద్ధతి కొనసాగింది. పోరాట కాలంలో ఊరు విడిచి పారిపోయిన దొరలు, పటేళ్లు 1948 తర్వాత సైన్యం వెనక తిరిగొచ్చిన్రు. నెత్తిన గాంధీ టోపీ పెట్టుకుని వచ్చిన్రని ఆనాటి జ్ఞాపకాలు, చరిత్రలు అన్నీ చెప్తయి. పేదలు దున్నుకుంటున్న భూములను తిరిగి గుంజుకున్నరు.

పి. సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో ఇచ్చిన లెక్క ప్రకారం 4,000 మంది దాకా కమ్యూనిస్టులు, రైతు యోధులు చనిపోయిన్రు. 10,000 మందికి పైగా మూడు నాలుగేండ్లు జైళ్లల్లో, నిర్బంధ క్యాంపుల్లో ఉన్నరు. కనీసం 50,000 మందిని అప్పుడప్పుడు పోలీసు, మిలిటరీ క్యాంపులకు ఈడ్చుకుపోయిన్రు. ఇది పార్టీ లెక్క. అయితే ఊరిని తెల్లవారుజామున చుట్టుముట్టి మగవాళ్లందరినీ ఒక దగ్గర నిలబెట్టి గుర్తుపట్టించడం నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో ఆ రెండు మూడేండ్లు జరిగిన పని. గుర్తుపట్టేది ఎవరు? ఊరి మనిషే. ఎవరి కొడుకు ఎక్కడున్నడు, ఎవరింట్లో రాత్రి పొయ్యి వెలిగింది అని తెలిసినవాడే.

ఓటర్ల జాబితా రాసినవాళ్లకు అడుగడుగునా దారి చూపించింది కూడా ఈ వ్యవస్థే. ఇంటింటికీ పోయి రాయడానికి ఊరి లెక్కలు తెలిసినవాడు కావాలె. అది పట్వారి. సర్కారు మనిషి వచ్చిండని డప్పు కొట్టి చాటింది మాదిగ. సామాను మోసింది వెట్టివాడు. ఓటు హక్కు అనే కొత్త ముచ్చటను ఊరికి తెలియజెప్పిన డప్పు చప్పుడు కూడా వెట్టి చాకిరే. అప్పటికి సంస్థానంలో చదువు వచ్చినవాళ్లు పది శాతం కూడా లేరు. వాడలో ఆ మాత్రం కూడా లేదు. తన పేరు ఎట్ల రాసిన్రో చదువుకోలేని మనిషి, ముసాయిదా జాబితా మీద అభ్యంతరాలు చెప్పుకోవచ్చు అన్న నిబంధనతో ఏం చేసుకుంటడు? చావడి గద్దె ఎక్కనియ్యని మనిషి చావడిలో పెట్టిన కాగితం మీద తప్పు చూపించాల్నట.

పేరు కూడా చిన్న సంగతి కాదు. వెంకయ్య, ఎల్లయ్య, మల్లయ్య అని తల్లిదండ్రులు పెట్టుకున్న పేర్లు ఊరి నోట్లో ఎంకడు, ఎల్లిగాడు, మల్లిగాడు అయితయి. దేశం మొత్తం మీద ఆ జాబితాల్లో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు తొలగించాల్సి వచ్చిందని మొదటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నివేదిక చెప్తది. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని చెప్పి సొంత పేరు చెప్పకపోవడమే దానికి కారణం. అది ప్రధానంగా ఉత్తరాది రాష్ట్రాల సమస్య. మన వాడ ఆడవాళ్లు నాట్ల దగ్గర, కోతల దగ్గర రోజూ పేరుతో పిలిపించుకునేవాళ్లే. పరదా చాటున పేరు దాచుకునే సౌకర్యం పని చేసుకుని బతికే ఆడదానికి ఏనాడూ లేదు.

దళం, జైలు, 180 రోజులు

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం మొదటి జాబితాకు 1950 మార్చి 1 లెక్క తేదీ. ఆనాటికి 21 ఏండ్లు నిండాలె. ఆ నియోజకవర్గంలో కనీసం 180 రోజులు నివాసం ఉండాలె. కాగితం మీద ఇది చిన్న షరతు. నల్లగొండలో ఆ కాలంలో ఎవరు స్థిరంగా 180 రోజులు ఇంట్లో ఉన్నరు? దళంలోకి పోయినవాళ్లు లేరు. క్యాంపులకు పట్టుకుపోయినవాళ్లు లేరు. దొర భయానికి కృష్ణ దాటి పోయినవాళ్లు, బతుకుదెరువుకు పట్నం పోయినవాళ్లు లేరు. సైనిక చర్య తర్వాత జరిగిన హింసలో ఊర్లు విడిచిన ముస్లింలు లేరు. ఆ హింస మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక 2013 దాకా జనం చూడలేకపోయిన్రు.

ఇంట్లో లేని మనిషి గురించి ఇంటి ఆడమనిషిని అడిగిన్రనుకుందాం. నీ కొడుకు పేరేంది? వయసెంత? ఇప్పుడెక్కడున్నడు? ఇవి ఓటరు నమోదు ప్రశ్నలే. పోలీసు ప్రశ్నలు కూడా ఇవే. పేరు చెప్తే కొడుకు ఇంట్లో లేడన్న సంగతి బయటపడతది. చెప్పకపోతే కొడుకు జాబితాలో లేకుండ పోతడు. ఉన్నడని చెప్పినా ప్రమాదమే, లేడని చెప్పినా ప్రమాదమే. రెండు ప్రశ్నలూ ఒకే ఏడాది, ఒకే గుమ్మం ముందు, దాదాపు ఒకే మనుషుల నోట వచ్చినప్పుడు ఆ తల్లికి తేడా ఎట్ల తెలుస్తది? సైనిక పాలన కింద ఓటరు నమోదులో మొదటి ప్రమాదం ఇదే. చెడ్డ అధికారి అవసరం లేదు. ఒకే ఊరి వ్యవస్థ రెండు పనులూ చేస్తే చాలు.

జైలు విషయంలో చట్టం ఒక గీత గీసింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం శిక్ష పడి జైల్లో ఉన్నవాళ్లకు, పోలీసు కస్టడీలో ఉన్నవాళ్లకు ఓటు లేదు. ముందస్తు నిర్బంధం కింద ఉన్నవాళ్లకు మాత్రం ఉంది. అంటే విచారణ లేకుండా డిటెన్యూగా ఉంచిన నాయకుడు ఓటు వేయొచ్చు. దొంగతనం కేసో, ధాన్యం లూటీ కేసో, హత్య కేసో పెట్టి లోపల వేసిన పాలేరు వేయలేడు. నాయకులను రాజకీయ ఖైదీలుగా, కింది కులాల కార్యకర్తలను నేరస్తులుగా చూసే అలవాటు పోలీసులకు ఉంటే, ఆ అలవాటే ఓటు హక్కును కూడా పంచిపెడతది. మిలిటరీ గవర్నర్ నిబంధన కింద ఏర్పడిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు నల్లగొండ కేసుల్లో 1949లో మరణశిక్షలు వేసినయి. 1951లో జనార్దనరెడ్డి కేసు పేరుతో అది సుప్రీంకోర్టుకు పోయింది. దేశదేశాల నుంచి నిరసన వచ్చిన తర్వాత ఆ ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారినయి.

మతం దగ్గర ఇంకో చిక్కు. 1950 ఆగస్టు 10 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులు కానివాళ్లను షెడ్యూల్డ్ కులాలుగా గుర్తించలేదు. నల్లగొండ జిల్లాలో బాప్టిస్టు మిషన్ల ద్వారా క్రైస్తవంలోకి పోయిన మాదిగలు, మాలలు చాలామంది. నిజాం కాలంలో ఇస్లాంలోకి పోయి 1948 తర్వాత భయానికో ఒత్తిడికో తిరిగొచ్చినవాళ్లు కూడా ఉన్నరు. వీళ్లు తమ పేరు ఏమని చెప్పుకోవాలె? ఒక పేరు చెప్తే రిజర్వేషన్ పోతది, ఇంకో పేరు చెప్తే దేవుడు పోతడు, మరో పేరు చెప్తే ప్రాణం మీదికి వస్తది.

పెట్టె దగ్గర ఏమైంది?

ఇన్ని ప్రమాదాలు ఉన్నా జనం పేర్లు రాయించుకున్నరు. ఓట్లు వేసిన్రు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. హైదరాబాదు సంస్థానంలో పార్టీ మీద నిషేధం అప్పటికీ ఉంది. అందుకే ప్రజా ప్రజాస్వామ్య ఫ్రంటు, మనం పి.డి.ఎఫ్. అంటమే, దాని పేరుతో పోటీ చేసిన్రు. 175 సీట్ల శాసనసభలో కాంగ్రెస్‌కు 93, పి.డి.ఎఫ్.కు 42, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు 5 వచ్చినయి. నల్లగొండ జిల్లా పి.డి.ఎఫ్. వైపు నిలబడ్డది.

నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చినయి. నెహ్రూ కన్నా ఎక్కువ అని ఇప్పటికీ చెప్పుకుంటం. చెప్పుకోవాల్సిందే. కాని నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం. ఒక జనరల్ సీటు, ఒక షెడ్యూల్డ్ కులాల సీటు. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకే అభ్యర్థి పెట్టెలో వేయడానికి లేదు. రెండో సీటులో గెలిచింది సుంకం అచ్చాలు, పి.డి.ఎఫ్. అభ్యర్థే. అదే ఓటర్లు, అదే రోజు, అదే పోలింగు కేంద్రంలో గెలిపించిన ఇద్దరిలో ఒక పేరు ప్రతి పుస్తకంలో ఉంది. ఇంకో పేరు ఎంతమందికి తెలుసు? కరీంనగర్ ద్విసభ్య స్థానంలోనూ పి.డి.ఎఫ్. బద్దం ఎల్లారెడ్డితో పాటు ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణ గెలిచిండు. ఏనుగు గుర్తు మీద తెలంగాణ నుంచి లోక్‌సభకు పోయిన మనిషి. వామపక్ష చరిత్రకారులు గానీ కాంగ్రెస్ చరిత్రకారులు గానీ ఈ రెండు పేర్ల దగ్గర ఆగరు. సర్కారు జాబితాలో పేరు తప్పిపోతే అభ్యంతరం పెట్టొచ్చు. చరిత్ర జాబితాలో తప్పిపోతే ఎక్కడ పెట్టాలె?

జనం ఎందుకు ధైర్యం చేసిన్రు? ఒక కారణం పెట్టె తీరులోనే ఉంది. ఆ ఎన్నికల్లో అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. తెర వెనక్కి పోయి కాగితం ఒక పెట్టెలో వేసి రావడమే. రాయాల్సింది లేదు, ముద్ర గుద్దాల్సింది లేదు, చదవాల్సింది లేదు. రాత మీద పెత్తనం పట్వారిది అయితే, తెర వెనక ఆ పెత్తనం చెల్లలేదు. పుట్టినప్పటి నుంచి దొర చూపు కింద బతికిన మనిషికి ఆ నిమిషం పాటు ఎవరి చూపూ లేదు. జాబితాలో ఉన్న ప్రమాదాన్ని పెట్టెలోని రహస్యం కొంత తగ్గించింది. నమోదులో ప్రమాదం ఉందని జనం ఇంట్లో కూర్చుని ఉంటే దొరల పెట్టెలే నిండేవి.

అయితే గెలుపు వాడకు ఏం తెచ్చింది? 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చినయి. రక్షిత కౌలుదారు జాబితాలో పేరు రావాలంటే మళ్లీ అదే పట్వారి రాయాలె. చాలాచోట్ల పాలేర్లకు కౌలుదారులన్న గుర్తింపే లేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి దళితులు వినోబా ముందు 80 ఎకరాలు అడిగిన్రు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తనన్నడు. దేశమంతా దాత పేరుతోనే భూదానాన్ని గుర్తుపెట్టుకున్నది. అడిగినవాళ్లు దళితులు అన్న ఒక్క మాటలో మిగిలిన్రు.

ఇతర దేశాల అనుభవం

1989లో నమీబియాలో దక్షిణాఫ్రికా ఆక్రమణ ఇంకా పూర్తిగా పోలేదు. ఐక్యరాజ్య సమితి పర్యవేక్షణలో దక్షిణాఫ్రికా అడ్మినిస్ట్రేటర్ జనరలే ఓటర్లను నమోదు చేసిండు. 7,01,483 మంది నమోదైన్రు. కోవోయెట్ అనే పోలీసు దళం మనుషులు పల్లెల్లో తిరుగుతుండగానే ఇది జరిగింది. అయినా స్వాపో గెలిచింది. అక్కడ ప్రతి నమోదు కేంద్రం మీద బయటివాళ్ల కన్ను ఉంది. నల్లగొండలో అది లేదు.

తూర్పు తిమోర్‌లో 1999లో ఇండోనేషియా సైన్యం ఉండగానే ఐక్యరాజ్య సమితి 4,51,792 మందిని నమోదు చేసింది. ఆగస్టు 30న 78.5 శాతం మంది స్వాతంత్ర్యానికి ఓటు వేసిన్రు. ఫలితం వచ్చిన తర్వాత మిలీషియాలు ఊర్లు తగలబెట్టినయి. ఓటు రహస్యమే. కాని ఊరంతా ఒకే వైపు ఉందని తెలిసిన తర్వాత రహస్యం ఎవరిని కాపాడుతది? వాడ సంగతీ ఇంతే. వాడంతా ఒకే వైపు వేసిందని ఊరికి తెలిస్తే ఏ మనిషి ఓటు ఎటు పోయిందో వెతకాల్సిన పని లేదు.

ఆఫ్ఘనిస్తాన్‌లో 2004లో నమోదు చేసే మహిళా సిబ్బంది పోతున్న బస్సు మీద జలాలాబాద్‌లో బాంబు పడ్డది. ఓటరు కార్డు జేబులో ఉన్నందుకు మనుషులను చంపిన్రని ఉరుజ్గాన్ నుంచి వార్తలు వచ్చినయి. ఇరాక్‌లో 2005 జనవరి ఎన్నికలకు రేషన్ జాబితానే ఓటర్ల జాబితాకు ఆధారం. ఓటు వేయకపోతే రేషన్ పోతదన్న భయం జనంలో పాకింది. ఒక పనికి రాసిన పేరు ఇంకో పనికి వాడితే ఏమైతదో దీనికన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

రాసే ప్రమాదం, కొట్టేసే ప్రమాదం

ఈ రోజు మిర్యాలగూడ, వేములపల్లి వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లు, రైసు మిల్లులు, అద్దంకి రోడ్డు మీద లారీలు కనిపిస్తయి. గడీలు కూలినయి. పటేల్ పట్వారీలు పోయిన్రు. ఇప్పుడు నమోదు అంటే భయపడేవాళ్లు తక్కువ. ఇప్పటి భయం వేరే. పేరు రాసినందుకు కాదు, పేరు తీసేసినందుకు.

2015లో ఓటరు కార్డును ఆధార్‌తో ముడిపెట్టే కార్యక్రమం దేశమంతా మొదలైంది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగింది. 2018 తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజు చాలామంది తమ పేర్లు జాబితాలో లేవని తిరిగిపోయిన్రు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పిండు. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ పేరుతో ఆగస్టు 1 నాటి ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు తీసేసిన్రు. తీసేసిన పేర్లు, కారణాలు బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఇంటికి తాళం ఉంది, వలసపోయిండు, కాగితం లేదు: ఈ మూడు మాటలు ఎవరి మీద ఎక్కువగా పడతయో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. 1950లో 180 రోజుల షరతు ఎవరి మీద పడ్డదో వాళ్ల మీదే. ఇటుక బట్టీలకు, మిరప కోతలకు, పట్నం మేస్త్రీ పనులకు పోయేది వాడలే.

ఆనాటి అనుభవం నుంచి రెండు మాటలు తీసుకోవచ్చు. నమోదును చేసే యంత్రాంగమూ నిఘా చేసే యంత్రాంగమూ ఒకటే అయిన చోట, పైన ఏ జెండా ఎగిరినా జనానికి ప్రమాదమే. పరాయి సైన్యం ఉన్న దేశంలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తది. కుల పెత్తనం ఉన్న ఊర్లో సైన్యం లేకున్నా ఉంటది. రెండో మాట, ప్రమాదం ఉందని జాబితా నుంచి తప్పుకోవడం వాడకు ఏనాడూ పరిష్కారం కాలేదు. నల్లగొండ ఓటర్లు పేరు రాయించుకున్నరు గనుకనే ఆ పెట్టెలు మాట్లాడినయి.

విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ, సంఘాలలో పనిచేసేవాళ్లకూ చేయగలిగిన పని ఒకటుంది. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు అభ్యర్థుల ఏజెంట్ల కోసం చూడకుండా, వాడలో నలుగురిని కూర్చోబెట్టి ఇంటి నెంబరు వరుసన పెద్దగా చదవాలె. ఎవరి పేరు తప్పు పడ్డది, ఎవరి పేరు లేదు, ఎవరి పేరు వేరే ఊర్లో పడ్డది అని అక్కడికక్కడే రాసుకోవాలె. అభ్యంతరం గడువు లోపల కాగితం ఇచ్చి రశీదు తీసుకోవాలె. పాత జాబితాలు దొరికితే పారేయకుండ దాచిపెట్టాలె. శాసనాలు, ఫర్మానాలు, పార్టీ తీర్మానాలు చదివి రాసిన తెలంగాణ చరిత్ర చాలా ఉంది. మన తాతల పేర్లు మొదటిసారి పౌరులుగా రాసిన కాగితాలు చదివి రాసిన చరిత్ర ఇంకా రావాల్సి ఉంది. ఆ కాగితాల్లో ఎల్లిగాడు అని రాసి ఉన్న చోట ఎల్లయ్య అని సరిచేసి చదువుకోవడంతో ఆ పని మొదలుపెట్టొచ్చు.